ఒక్క చార్జింగు దూరం

కుంభగిరి రాజుగారికి కరెంటు కారు మీద మోజు పుట్టిన రోజుల్లోనే, ఆయన డ్రైవరు దాలయ్యకి పెళ్లాం మీద బెంగ పట్టుకుంది. ఆమె ఉండేది సముద్రం ఒడ్డున, కోటకి నలభై ఆమడల దూరంలో. సెలవడిగినప్పుడల్లా రాజుగారు ధారాళంగా ఒక్క రోజు ఇచ్చేవారు. వెళ్లేసరికే పొద్దు గూకుతుంది కనుక, రెండేళ్లుగా దాలయ్య ఆ సెలవు వాడుకోనేలేదు.

వర్తకులు మూడు కార్లు తెచ్చి, ప్రతివాడూ తనదే యాభై ఆమడలు పోతుందన్నాడు.

"వీళ్ల మాట నేను నమ్మను. నువ్వే నడిపి, ఒక్క చార్జింగుతో ఎక్కువ దూరం పోయేది ఎంచు," అన్నారు రాజుగారు.

దాలయ్య మూడింటినీ సముద్రం దారినే నడిపాడు. మొదటిది ఇరవై ఆమడల దగ్గర ఆగిపోతే ఎడ్లతో లాగించుకొచ్చాడు. రెండోది ముప్పై దగ్గర, ఉప్పుగాలి తగిలీ తగలకముందే ఆగింది. మూడోది సరిగ్గా వాళ్ల గుమ్మం ముందు ఆగింది. చేపలు ఎండబెడుతున్న భార్య, చేతులు తుడుచుకోవడం మరిచిపోయి అలాగే నిలబడింది.

దాలయ్య కోటకి ఫోను చేశాడు. "ఇదే తీసుకోండి ప్రభూ."

"సరే, వెంటనే వచ్చెయ్."

"ఇక్కడ ఇంటి ప్లగ్గే దిక్కండి. నిండడానికి మూడు రోజులు పడుతుంది."

"తిరిగి రాలేని బండిని ఎలా ఎంచావురా?" రాజుగారు మండిపడ్డారు.

"మీరిచ్చే సెలవు కొలతతోనే ఎంచానండి. అదీ వెళ్లడానికే సరిపోతుంది."

అవతల రాజుగారి గొంతు మెత్తబడింది.

"నిండాకే రా," అన్నారు.