పేరమ్మ చిలక

కోరుమిల్లంక ఊళ్ళో వడ్రంగులింటి పేరమ్మకి తన కొడుకులిద్దరి తెలివి మీదా చెప్పలేనంత గర్వం. "మా ఇంట్లో ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేస్తాం. అక్షరం అటూ ఇటూ పోదు. తెలివంటే అదీ!" అని వీధిలో కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పేది. పెద్దవాడు వీరాచారి, చిన్నవాడు మౌనాచారి. నలభై దాటిన మనుషులు, అమ్మ మాట వేదం.

ఊళ్ళోవాళ్ళు పేరమ్మ చెప్పేవన్నీ నమ్మేవాళ్ళు గానీ ఒక్కటి మాత్రం నమ్మేవాళ్ళు కాదు. ఆవిడ తొమ్మిదేళ్ళ పిల్లప్పుడు వాళ్ళ నాన్న జమీందారుగారి దివాణానికి ఓ పెద్ద తలుపు చెక్కాడు. దాని మీద చిలకని తనే చెక్కానంటుంది పేరమ్మ. ఆడపిల్ల ఉలి పట్టడమేమిటని అందరూ పకపకా నవ్వేవాళ్ళు. ఆ తలుపు ఇప్పుడు ఢిల్లీలో ఓ మ్యూజియంలో ఉందని ఎవరో చెప్పారు.

"చచ్చేలోగా నా చిలకని ఒక్కసారి చూడాలిరా. అది నాదేనని ఒక్కళ్ళ నోటైనా వినాలి," అంది పేరమ్మ, కళ్ళనీళ్ళు పెట్టుకుని.

ఇంకేముంది, ముగ్గురూ రైలెక్కేశారు. భుజాన పనిముట్ల సంచీ కూడా. అదెందుకంటారా? "బయటికెళ్ళేటప్పుడు సంచీ మర్చిపోకండ్రా" అని పేరమ్మ మొగుడు ఓసారన్నాడు. ఆయన పోయి పదేళ్ళయింది, వీళ్ళింకా మర్చిపోలేదు.

ఢిల్లీలో మ్యూజియాలు తిప్పి చూపించే శేషగిరి అనే తెలుగాయన దొరికాడు. "మీ తలుపున్న మ్యూజియం సాయంత్రం ఐదింటిదాకా ఉంటుంది మామ్మగారూ. ఈలోగా ఇంకో రెండు చూద్దాం. అవి చూడకపోతే జన్మ వృథా!" అన్నాడు.

జన్మ వృథా అవుతుందంటే ఎవరూరుకుంటారు? పదండి పదండి అన్నారు ముగ్గురూ.

మొదటిది పాత రైళ్ళ మ్యూజియం. నల్లటి ఇంజను, వెనక చెక్క పెట్టె. "ఎక్కి కూర్చోండి. యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోతారు!" అన్నాడు శేషగిరి.

అంతే! పేరమ్మ ఒక్క గెంతులో కిటికీ పక్కన కూర్చుని జుట్టు సవరించుకోవడం మొదలెట్టింది. "యాభై ఏళ్ళంటే నాకు ఇరవై. మీ నాన్న కొత్త పంచె కట్టుకుని స్టేషనుకొస్తాడు. బొట్టు సరిగ్గా ఉందా?"

మౌనాచారి వేళ్ళ మీద లెక్కేసి ఒక్కసారిగా బావురుమన్నాడు. "అన్నయ్యా! యాభై ఏళ్ళ కింద మనం పుట్టలేదు గదా! రైలు కదిలితే మనమేమైపోతాం?"

"దిగరా! ముందు దిగు!" అని వీరాచారి తమ్ముణ్ణి తోసి తనూ దూకాడు. అమ్మని మాత్రం దించలేకపోయారు. "మీ నాన్నని చూసొస్తాను, మీరు తరవాత పుడుదురుగానీ" అని మొండికేసింది. శేషగిరి ఎంత బతిమాలినా కదలదే! ఆఖరికి ఇంజనులో బొగ్గు లేదని చూపిస్తే అప్పుడు దిగింది. పన్నెండు దాటిపోయింది.

రెండోది బొమ్మల గ్యాలరీ. ఓ పల్లెటూరి పిల్ల పటం ముందు ఆగి, "దీని ముందు కాసేపు నిలబడండి, అదే మాట్లాడుతుంది" అని శేషగిరి టీకి వెళ్ళాడు.

నిలబడ్డారు. పేరమ్మ కుశలమడిగింది. వీరాచారి వర్షాల సంగతడిగాడు. జవాబు లేదు. "కొత్తవాళ్ళం కదమ్మా, సిగ్గుపడుతోంది" అన్నాడు మౌనాచారి. "ఆకలేమోరా!" అని పేరమ్మ కొంగులోంచి జంతిక తీసి పటం మూతికి పెట్టింది. ఇంకేముంది, ఈలలూ కేకలూ! నలుగురు కాపలావాళ్ళొచ్చి బయటికి సాగనంపారు.

తలుపున్న మ్యూజియానికి చేరేసరికి ఐదుకి పది నిమిషాలే ఉంది. నిలువెత్తు టేకు తలుపు. కుడి రెక్క మీద వంకర ముక్కు చిలక. పేరమ్మ దాన్ని చూసి వెక్కి వెక్కి ఏడ్చింది. "ఇదే నాయనా! ముక్కు దగ్గర ఉలి జారిందని నాన్న తిట్టలేదు, ముద్దు పెట్టుకున్నాడు."

శేషగిరికి మనసు కరిగిపోయింది. "ఇక్కడి పెద్దాఫీసరుగారిని తీసుకొస్తాను. నేనొచ్చేదాకా ఈ తలుపు దగ్గర్నించి కదలకండి" అని పరిగెత్తాడు.

అతనటు వెళ్ళాడో లేదో గంట మోగింది. కాపలావాడొచ్చి టైమైందని, బయటికి పొమ్మని చెయ్యూపాడు. తలుపు దగ్గర్నించి కదలొద్దని ఒకాయన, బయటికి పొమ్మని ఒకాయన! వేరేవాళ్ళయితే తెల్లమొహాలేసేవాళ్ళు. వీళ్ళు తెలివైనవాళ్ళాయె.

"ఇందులో ఏముందిరా, తలుపుతో పోదాం" అంది పేరమ్మ.

అంతే! చిలక తోక కిందున్న చెక్క చీల లాగింది. రెక్క బిడ్డలా ఊడి చేతికొచ్చింది. రెండోదీ అంతే. సంచీ, సుత్తీ చూసి ఎవరో రిపేరువాళ్ళనుకుని గేటువాడు పక్కకి జరిగి దారి కూడా ఇచ్చాడు.

ఆఫీసరూ శేషగిరీ వచ్చి చూస్తే బోసి గోడ! రొప్పుకుంటూ రోడ్డు మీదికొస్తే కాలిబాట మీద తలుపు నిలబెట్టి, చెరో రెక్కా పట్టుకుని కొడుకులూ, మధ్యలో పేరమ్మ.

"జానెడు కూడా కదల్లేదు నాయనా, నీ మాట దాటితే ఒట్టు" అంది శేషగిరితో.

ఆఫీసరు అరవబోయి చెక్కని తడిమి చూశాడు. గీత కూడా పడలేదు. "ఈ రెక్కలెలా ఊడతాయో మా దగ్గర ఒక్కడికీ తెలీదు! ఈవిడకెలా తెలిసింది?" అన్నాడు హిందీలో. శేషగిరి ఆ మాట పేరమ్మకి చెప్పాడు.

"చీల కనపడకూడదని నాన్నంటే, దాని మీద చిలకని చెక్కింది నేనే కదండీ!"

అది శేషగిరి నోట వినగానే ఆఫీసరు వంగి చిలక తోక కింద చీల తొర్ర చూసి ఏదో అన్నాడు. శేషగిరి తెలుగులో చెప్పాడు: "నమ్మారు మామ్మగారూ! చిలక మీదేనంటున్నారు. పక్కన బోర్డు మీద మీ పేరు రాయిస్తారట. రేపట్నుంచి ఈ తలుపు చూడ్డానికొచ్చే ప్రతివాళ్ళకీ మీరు కనిపిస్తారు!"

పేరమ్మ మొహం వెలిగిపోయింది. తలుపు లోపల బిగించాక కొడుకులు రైలుకి టైమైందన్నారు.

"మీరు పోండిరా" అని చిలక పక్కన గోడకి జేరబడి కొంగు సర్దుకుంది. "నేనొచ్చేస్తే రేపు జనానికెవరు కనిపిస్తారు?"