రాణిగది కిందికి ఎందుకు వేలాడుతుంది?

ఒకప్పుడు తేనెటీగల రాణులు తేనెపట్టులో పుట్టేవాళ్ళు కాదు, కొండమ్మ ఇంటినుంచి వచ్చేవాళ్ళు. నమ్మరా? అప్పట్లో అంతే మరి. పాత రాణి ముసలిదైపోతే ఈగలు కొండ దగ్గరికి వెళ్ళి అడిగేవి. కొండమ్మ తన రాతిగూట్లోంచి ఓ కొత్త రాణిని తీసి ఇచ్చేది. పట్టులో గదులన్నీ అడ్డంగా, వరసగా ఉండేవి. కిందికి వేలాడే గది ఒక్కటీ ఉండేది కాదు.

ఆ కాలంలో ఓ మద్దిచెట్టు తొర్రలో ఒక పట్టు ఉండేది. దాని రాణి పేరు బంగారక్క. కొండమ్మ ఇంటి పిల్లనని ఆమెకు కాస్త గొప్ప.

ఒకరోజు పొద్దున్నే బంగారక్క అంది, "పూలు, పూలు అంటారు. ఒక్కసారీ వాటి మొహం చూసిన పాపాన పోలేదు. ఇవాళ చూసొస్తా."

"వద్దు తల్లీ, బయట పిట్టలుంటాయి" అన్నారు అందరూ.

"నేను రాణిని. పిట్టలకి ఆ మాత్రం తెలీదా?" అంటూ బయల్దేరింది.

పిట్టలకి తెలీలేదు. తీగమీద కూచున్న ఆకుపచ్చ పిట్ట గభాల్న ఎగిరి గుటుక్కున మింగేసింది. ఈగలు ఏడుస్తూ చుట్టుముడితే, "అయ్యో, రాణా? ముందే చెప్పొద్దూ! కొంచెం లావుగా ఉందేమిటా అనుకున్నా" అని ముక్కు తుడుచుకుంది.

తొర్రంతా గొల్లుమంది. రాణి లేకపోతే గుడ్లు ఉండవు. గుడ్లు లేకపోతే పిల్లలుండరు. ఉన్న ఈగలు ముసలివైపోతే నెలా రెండు నెలల్లో పట్టు ఖాళీ.

అప్పుడు సింగడు ముందుకొచ్చాడు. సింగడు పోతుటీగ, అంటే మగ ఈగ. వేళకి తినడం, వేళ కాకపోయినా పడుకోవడం అతని పని.

"ఏడవకండి. నేను రాజుగా ఉంటాను" అన్నాడు మీసం సవరించుకుంటూ.

"గుడ్లు పెడతావా బాబూ?" అంది గున్నమ్మ. పట్టులో పిల్లల్ని పెంచే దాదుల్లో ఆమే పెద్దది.

సింగడు దగ్గాడు. "అదొక్కటీ తప్ప ఏదైనా చేస్తా."

"అయితే పక్కకి జరుగు, దారికి అడ్డంగా ఉన్నావు" అని గున్నమ్మ రెక్కలు విదిలించి కొండవైపు ఎగిరిపోయింది.

కొండమ్మ మబ్బు కప్పుకుని కునుకు తీస్తోంది. గున్నమ్మ చెవి దగ్గర జుమ్మనగానే ఒక కన్ను తెరిచింది.

"రాణి కావాలి తల్లీ. మా బంగారక్క పోయింది."

"నా గూట్లో ఎవరూ లేరే. ఉన్న ఒక్కదాన్నీ నిన్ననే వాగు అవతలి వాళ్ళకిచ్చాను. మళ్ళీ వచ్చే ఏడే."

"వచ్చే ఏటికి మేం ఉండం తల్లీ."

కొండమ్మ రెండో కన్ను కూడా తెరిచింది. "మీ పట్టులో పసిపిల్లలు లేరా?"

"ఉన్నారు. కానీ వాళ్ళు పనివాళ్ళ పిల్లలు కదా!"

"ఎవరు చెప్పారు? వాళ్ళని కన్నది మీ రాణే కాదూ?"

నిజమే. ఇన్నేళ్ళుగా ఎవరికీ తట్టలేదు.

"సరే, పిల్లలకి ఏం పెడతావు?" అడిగింది కొండమ్మ.

"మా తలలో ఊరే తెల్లపాలు, మూడు రోజులు. తర్వాత పుప్పొడి, తేనె కలిపిన ముద్ద."

"మూడు రోజులకే పాలెందుకు మాన్పిస్తావు?"

"వేలమంది పిల్లలు తల్లీ! అందరికీ చాలొద్దూ?"

"ఒక్కదానికి మానకు. కడుపు నిండా పెట్టు, ఇంకా పెట్టు. నా గూట్లో నేను చేసేదీ అంతే. దీనికి వంశం ఎందుకు, పాలు చాలు" అని కొండమ్మ నవ్వేసి మళ్ళీ మబ్బు ముసుగేసుకుంది.

గున్నమ్మ తిరిగొచ్చి ఈ మాట చెప్పగానే తొర్రలో జాతర మొదలైంది. "నేను పెంచేదాన్ని పెట్టండి, అచ్చం బంగారక్క పోలిక!" అంది ఒక దాది. "పోలికా? దానికింకా మొహమే రాలేదు!" అంది ఇంకొకతె.

అందరూ అరుచుకుంటుంటే, పట్టు అంచున చివరి గదిలో నిన్ననే గుడ్డులోంచి వచ్చిన పురుగుపిల్ల ఒకటి వంకర తిరిగి పడుకుని ఉంది. దాని తరఫున అరిచేవాళ్ళు ఎవరూ లేరు.

"ఇదే" అంది గున్నమ్మ. దానికి చిట్టి అని పేరు పెట్టింది.

దాదులందరూ వంతులేసుకుని పాలు పోశారు. చిట్టి తాగింది. మళ్ళీ పోశారు. మళ్ళీ తాగింది. మూడో రోజుకి గది నిండింది. నాలుగో రోజుకి గోడ కిర్రుమంది. పక్కగదుల పిల్లల దాదులు వచ్చి, "మీ పిల్ల మా గోడ పడగొట్టేస్తోంది!" అని పోట్లాడారు.

పక్కకి పెంచుదామంటే పిల్లల గదులు. పైకి పెంచుదామంటే తేనె కొట్లు. మైనం పనివాళ్ళు తలలు పట్టుకున్నారు.

"కిందికి కట్టండి. అంచున ఉంది కదా, కిందంతా ఖాళీయే" అంది గున్నమ్మ.

"మూతి కిందికా! పాలు కారిపోవూ? పిల్ల పడిపోదూ?"

సింగడు కంగారుగా లేచాడు. "నేను పడుకునేది సరిగ్గా దాని కిందే!" అని తన చోటు మార్చుకున్నాడు.

గున్నమ్మ ముందుకొచ్చింది. గది కప్పుకి పాలు పులిమి, కింద నిలబడి చూసింది. పెరుగులా చిక్కటి పాలు. ఒక్క బొట్టూ రాలలేదు. చిట్టి ఆ పాలకి అతుక్కుని, తల కిందికి వేలాడేసి హాయిగా చప్పరించసాగింది.

ఐదో రోజు గది మూతికి మైనం మూత వేశారు. ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. తొర్రలోకి చలిగాలి కొట్టింది. దాదులు మిగిలిన పిల్లల్ని కప్పుకుని కూచున్నారు. చిట్టి గది దగ్గర చోటు ఖాళీగా ఉండిపోయింది.

"సింగా, నువ్వు ఒళ్ళు వెచ్చగా ఉన్నవాడివి. ఇలా వచ్చి కూచో" అంది గున్నమ్మ.

"నేనా? పనా?" అన్నాడు సింగడు. అయినా వచ్చాడు. సణుగుతూనే ఎనిమిది రోజులు గదిని పొదువుకుని కూచున్నాడు. మధ్యలో ఎవరైనా, "కదిలిందా?" అని అడిగితే, "ష్... పడుకుంది" అనేవాడు.

గున్నమ్మ రెక్కల అంచులు చిరిగిపోయాయి. తలలో పాలు ఊరడం ఆగిపోయింది. అయినా రోజూ గదికి చెవి ఆనించి వినేది. లోపల ఏ చప్పుడూ లేదు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం వాన వెలిసింది. గది లోపల కరకర అని చప్పుడు. మూత గుండ్రంగా తెగి, కుండమూతలా పక్కకి వాలింది. సన్నటి పొడుగాటి రాణి తల కిందులుగా బయటికొచ్చింది.

తొర్రంతా ఊపిరి బిగబట్టింది. రాణి మొదటి మాట ఏమంటుందో!

"ఆకలేస్తోంది" అంది చిట్టి.

గున్నమ్మ పకపకా నవ్వింది. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "అదిగో తేనె తల్లీ, తినండి."

చిట్టి కదల్లేదు. నోరు మాత్రం తెరిచింది. "అమ్మా, నువ్వు పెట్టు."

"అయ్యో, మరీ గారం చేసేశామే!" అనుకున్నారు దాదులు. అయినా వంతులేసుకుని పాలు పట్టారు.

గుడ్లు పెట్టేముందు మగ ఈగల్ని కలవాలి కదా, చిట్టి ఎండ కాసిన రోజు చూసి ఒకసారి ఆకాశంలోకి ఎగిరింది. ఈగలన్నీ గుంపుగా తోడు వెళ్ళి, ఆకుపచ్చ పిట్ట కంట పడకుండా వెనక్కి తెచ్చాయి. రెండు రోజులకి తొర్రలో మొదటి గుడ్డు కనబడింది, బియ్యపుగింజలో సగమంత. దాన్ని చూడటానికి గున్నమ్మని నలుగురు పట్టుకుని నడిపించారు. ఆమె ఆ గుడ్డుని చాలాసేపు చూసింది.

సంగతి తెలిసి కొండమ్మ తన గూటికి రాయి అడ్డం పెట్టేసింది. ఇంక ఆమె దగ్గరికి రాణి కోసం ఎవరూ వెళ్ళలేదు.

అప్పటినుంచే పట్టు అంచున రాణిగది వేరుశనగకాయలా మూతి కిందికి పెట్టుకుని వేలాడుతుంది. అప్పటినుంచే మామూలు ఆడపిల్లకి పాలు మానకుండా పడితే, అది రాణి అయి కూచుంటుంది. ఇక అంతటి రాణీ ఇప్పటికీ తనంతట తాను తినదు. ఎవరైనా పెడతారని నోరు తెరుచుకుని చూస్తుంది.