ముళ్ళమ్మ కట్టని తీగ

పొగమంచు కోన అనే అడవి ఒకటి ఉండేది. చలికాలం వస్తే అక్కడ మధ్యాహ్నం దాకా మంచు విడిచేది కాదు. కుందేళ్ళు, జింకలు, కొండముచ్చులు, ఒక ముసలి ఎలుగుబంటి, ఒక ముళ్ళపంది, అందరినీ మించిన ఒంటితో ఒక అడవిదున్న ఆ కోనలో ఉండేవి. వాటికి ఇళ్ళుండేవి, ఇళ్ళలో పొయ్యిలుండేవి. జంతువులకు పొయ్యిలేమిటని అడగకండి పిల్లలూ. ఆ చలి చూస్తే మీరే పొయ్యి పక్కన చేరి కథ వినేవాళ్ళు.

ఆ కోనలో ఒక ఆచారం ఉంది. చలి మొదలయ్యే ముందు ప్రతి ఇంటివాళ్ళూ కట్టెలు చీల్చేవాణ్ణి ఒకణ్ణి ఎంచుకోవాలి. ఎంచుకున్నట్టు గుర్తుగా అతని ఒంటికి ఒక అడవితీగ కట్టాలి. తీగ కట్టాక చలి వెళ్ళేదాకా ఇంకొకరి దగ్గరికి మొద్దు తీసుకెళ్ళకూడదు.

ఆ ఏడు గాలివానకు కోనలోని చింతచెట్లన్నీ కూలిపోయాయి. ఎవరి వాకిట్లో చూసినా చింత మొద్దులే. చింతకర్ర నిప్పు బాగా నిలుపుతుంది. కానీ దాని నార మెలికలు తిరిగి ఉంటుంది, నడుమ ముడులుంటాయి. దాన్ని చీల్చడం అందరివల్లా కాదు.

ముళ్ళమ్మ అనే ముళ్ళపందికి అప్పుడే ఇద్దరు పిల్లలు పుట్టారు. వాళ్ళ ముళ్ళు ఇంకా గట్టిపడలేదు. పొయ్యి ఒక్క రోజు ఆరినా ఆ పిల్లలు దక్కరని ముళ్ళమ్మకు తెలుసు. అందుకే తీగ ఎవరికి కట్టాలా అని ఆమె చాలా ఆలోచించింది.

తీగలు కట్టే రోజు వచ్చింది. అందరూ మైదానంలో చేరారు. అడవిదున్న గండరాజు ముందుకొచ్చి ఒక బూరుగు మొద్దును నిలబెట్టాడు. నాలుగడుగులు వెనక్కి వేసి, ఊపిరి బిగబట్టి, ఒక్క పరుగున వచ్చి కొమ్ములతో గుద్దాడు. మొద్దు రెండు ముక్కలై చెరోవైపు ఎగిరిపడింది. ఇంకొకటి పెట్టాడు. అదీ అంతే.

అందరూ నోరెళ్ళబెట్టారు. తోకలయ్య అనే కొండముచ్చు గండరాజు వెంట తిరిగే భజనపరుడు. అతను కొమ్మెక్కి, "చూశారుగా, రాజుగారి దెబ్బ. రండి, తీగలు కట్టండి" అని కేక పెట్టాడు.

జింకలు కట్టాయి. కుందేళ్ళు కట్టాయి. చూస్తుండగానే గండరాజు కొమ్ములు తీగలతో నిండిపోయాయి. ముళ్ళమ్మ మాత్రం తన చింత మొద్దును దొర్లించుకుంటూ వచ్చి అతని ముందు ఆపింది.

"రాజుగారూ, బూరుగు మెత్తటి కర్ర, మా ఇంట్లో దాన్ని కాల్చం. ఈ ఏడు ఎవరింట్లోనూ కాల్చరు. ఇదిగో, రేపు నా పొయ్యిలోకి వెళ్ళే మొద్దు ఇది. దీన్ని చీల్చి చూపించండి, తీగ కడతాను" అంది.

గండరాజు ముక్కుపుటాలు అదిరాయి. "నన్ను పరీక్షిస్తున్నావా? నా కొమ్ము అంత లేవు నువ్వు" అన్నాడు.

"నా పిల్లలు నాకంటే చిన్నవాళ్ళు. చలికి వాళ్ళే ముందు పోతారు. అడగక ఏం చేయను?" అంది ముళ్ళమ్మ.

పక్కనున్న చెవులమ్మ అనే కుందేలు ఆమెను మెల్లగా గిల్లబోయి, ముళ్ళు గుర్తొచ్చి చేయి వెనక్కి తీసుకుంది. "ఎందుకు వదినా గొడవ? అందరం కట్టాం. నువ్వూ కట్టెయ్" అని గుసగుసలాడింది.

ముళ్ళమ్మ కదల్లేదు. గండరాజు ఆ మొద్దు వంక ఒకసారి చూశాడు. దాని నడుమ ముడి పెద్ద కన్నులా కనిపించింది. అతను ఒక అడుగు వెనక్కి వేసి, వెంటనే గొంతు పెంచాడు. "నాకు తీగ కట్టని ఇంటికి ఎవరూ నిప్పు ఇవ్వకూడదు. దాని పొయ్యి ఆరితే ఆరినట్టే" అన్నాడు.

ఆ కోనలో ఒకరి పొయ్యి ఆరితే పక్కింటివాళ్ళు పెంకులో నాలుగు నిప్పులు వేసి ఇచ్చేవాళ్ళు. కాదనడం ఎవరూ ఎరగరు. ఆ రోజు మాత్రం అందరూ గండరాజు మాటకు తలలూపారు.

ముళ్ళమ్మకు భయం వేసింది. అంతకంటే ఎక్కువగా కోపం వచ్చింది. "నా పొయ్యి ఆరదు" అని మొద్దును మళ్ళీ దొర్లించుకుంటూ వెళ్ళిపోయింది.

నేరుగా బొంతయ్య గుహకు వెళ్ళింది. బొంతయ్య ముసలి ఎలుగుబంటి. ఆ ఏడు అతనికి ఎవరూ తీగ కట్టలేదు. అతని దగ్గర పరుగూ లేదు, గుద్దూ లేదు. ఒక రాతి చీల, ఒక బరువైన రాయి ఉన్నాయి, అంతే. మొన సన్నగా, తల లావుగా ఉండే చీల అది.

"మామా, ముందు ఈ మొద్దు చీల్చి చూపించు. ఆ తర్వాతే తీగ" అంది ముళ్ళమ్మ. ముసలివాడని అతన్నీ ఊరికే వదల్లేదు.

బొంతయ్య నొచ్చుకోలేదు. మొద్దు చుట్టూ తిరిగాడు. కోసిన వైపున ఉన్న పగుళ్ళను గోటితో తడిమాడు. "నడుమ కొట్టను, అక్కడ ముడి ఉంది. అంచుల నుంచి పలకలు పలకలుగా తీస్తాను. చాలాసేపు పడుతుంది. ఓపిక ఉందా?"

"ఓపిక కావలసినంత ఉంది మామా. లేనిది కట్టెలే."

అతను నవ్వి, "మీ పొయ్యి ఎంత ఉంటుంది?" అని అడిగాడు. ముళ్ళమ్మ చేతులు చాపి చూపించింది. బొంతయ్య ఒక పగులులో చీల పెట్టి రాయితో కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి పొయ్యికి సరిపడే కట్టెలు పోగుపడ్డాయి. ముళ్ళమ్మ అతని చేతికి తీగ కట్టింది.

చలి వచ్చింది. ఇరుగుపొరుగు ముళ్ళమ్మతో మాట మానేశారు. చెవులమ్మ కూడా ఎదురుపడితే దారి మార్చుకునేది. ముళ్ళమ్మకు చాలా బాధగా ఉండేది. అయినా పడుకునే ముందు నిప్పును బూడిదతో కప్పేది, లేవగానే ఊది రాజేసేది. ఆమె పొయ్యి ఆరలేదు.

గండరాజు వాకిట్లో మాత్రం మొద్దులు గుట్టపడ్డాయి. అతను మొదటి చింత మొద్దును గుద్దాడు. అది దొర్లిపోయింది. రెండోసారి మరీ గట్టిగా గుద్దాడు. మొద్దు పగల్లేదు, కొమ్ము మొన విరిగింది. తప్పు ఒప్పుకోవడానికి అతనికి నోరు రాలేదు. "మీ మొద్దులే మంచివి కావు. బూరుగు తెండి" అని గదిమాడు. కోనలో బూరుగు ఎక్కడుంది? ఉన్న ఆ కాస్తా మైదానంలో చూపించడానికే అయిపోయింది.

చీల్చని మొద్దులు పొయ్యిలో పొగ తప్ప మంట ఇవ్వలేదు. ఒక్కొక్క పొయ్యీ ఆరిపోయింది. చివరికి ఒక పొద్దున చెవులమ్మ వణుకుతున్న పిల్లను ఎత్తుకుని ముళ్ళమ్మ గడపలోకి వచ్చింది. వెనకాలే జింకలూ వచ్చాయి.

"వదినా, నీకు ముఖం చూపించలేను. కాస్త నిప్పు ఇవ్వు" అంది చెవులమ్మ.

ముళ్ళమ్మ ముందు ఆ పిల్లను తీసుకుని పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. తర్వాత అంది: "నిప్పు ఇస్తాను. దాన్ని నిలపడానికి కట్టెలు కావాలిగా. వెళ్ళి మీ తీగలు తెంపుకోండి. బొంతయ్య మామ దగ్గరికి మొద్దులు తీసుకెళ్ళండి."

"తీగ తెంపితే మాట తప్పినట్టు కదా?" అంది చెవులమ్మ.

"చీలుస్తానని చెప్పి చీల్చనివాడు తప్పాడా, చలికి వణికేవాళ్ళు తప్పారా?"

ఆ మాట విన్నాక ఎవరూ ఆగలేదు. గండరాజు ఇంటికి వెళ్ళి, అతని ఎదుటే కొమ్ములకున్న తీగలు కొరికి తెంపారు. గండరాజు రంకెలు వేస్తూ ముళ్ళమ్మ ఇంటి మీదికి వచ్చాడు.

"నా తీగలు తెంపించింది నువ్వేగా. ఈ గడప తొక్కి పారేస్తాను" అన్నాడు.

ముళ్ళమ్మ గడపకు అడ్డంగా నిలబడి ముళ్ళన్నీ లేపింది. పక్కకు జరగలేదు. "తొక్కు. ముందు నన్ను తొక్కాలి" అంది. ఆమె పక్కన చెవులమ్మ వచ్చి నిలబడింది. జింకలూ నిలబడ్డాయి. గండరాజు వెనక్కి తిరిగి చూశాడు. తోకలయ్య ఎప్పుడో జారుకున్నాడు.

మంచు గండరాజు వీపు మీద పేరుకుంటోంది. అతను తల దించి, "మా ఇంట్లో కూడా పొయ్యి ఆరింది" అన్నాడు.

ముళ్ళమ్మ లోపలికి వెళ్ళి పెంకులో నాలుగు నిప్పులు వేసి తెచ్చింది. అతని ముందు పెట్టింది.

"నా గడపలో నిప్పు అడిగినవాళ్ళను ఉత్త చేతులతో పంపను. తీసుకెళ్ళండి. కట్టెలు మాత్రం మీరే చీల్చుకోండి" అంది.

నీతి: పనివాణ్ణి అతను చూపించే మొద్దు మీద కాదు, మన ఇంటి మొద్దు మీద చూసి ఎంచుకోవాలి. అలా అడిగినందుకు పదిమంది వెలివేసినా అడగడం మానకూడదు.