గెడమ్మ తల్లి గడప

నాగావళి ఉత్తరపు గట్టు మీద, గెడవలస ఊరి చివర, పెంకుల కప్పు వేసిన చిన్న గుడిలో గెడమ్మ తల్లి కొలువై ఉంది. తనకంటే పొడవైన కర్ర పట్టుకుని నిలబడిన నల్లరాతి విగ్రహం. భక్తులారా, ఈ గుడి గురించి పాత పుస్తకం మీ దగ్గరుంటే దాన్ని ఇక నమ్మకండి. అందులో ఉన్నది గెడనాయుడనే సేనాపతి కథ. అలాంటివాడు ఎన్నడూ లేడు. మా ఇంటి మగవాళ్ళు తీరిగ్గా కూర్చుని పుట్టించారు.

నా పేరు దమయంతి. గెడ వారి ఆడపడుచుని. పెళ్ళితో ఇంటిపేరు మారిందని ముప్పై ఏళ్ళు నన్ను ఈ గడప బయటే నిలబెట్టారు. సేనాపతి రక్తం, ఇంటిపేరు రెండూ ఉన్నవాళ్ళకే ప్రవేశమట. మూడో నెల బిడ్డను తల్లి పాదాల దగ్గర పడుకోబెట్టాలని నా కూతురు వస్తే, మా అన్నయ్య జగ్గునాయుడు అడ్డంగా నిలబడి, "ఏ ఇంటోళ్ళమ్మా?" అని సొంత మేనకోడల్నే అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అసలా ఇంటిపేరు ఎక్కణ్ణించి ఊడిపడిందో తేల్చాలనుకున్నాను.

మా వంశావళి తాటాకుల కట్ట, దాన్ని చదివే భట్రాజు నరసరాజు గారి ఇంట్లో ఉంటుంది. ఏటా కోతలయ్యాక ఆయన వచ్చి గుడి ముందు చదువుతారు. మొదటి ఆకుకి పసుపు కుంకుమలు పెట్టి, కళ్ళకద్దుకుని పక్కన ఉంచి, రెండో ఆకు నుంచి చదవడం ఆచారం. తరతరాలుగా ఆ ఆకుని మొక్కారు గానీ ఒక్కడూ చదివిన పాపాన పోలేదు.

నేను ఆయన ఇంటికెళ్ళి ఆ మొదటి ఆకు తుడిచి చదవమన్నాను. "పూజలో ఉన్న ఆకు తుడవకూడదమ్మా" అని ఆయన నసిగారు.

"చదవనిదానికి పూజ ఎందుకండీ?" అన్నాను. నూనెగుడ్డతో నేనే తుడిచాను. ఆయన చదివారు.

పూర్వం ఇక్కడ ఊరు లేదు, రేవు ఉండేది. ఆదెమ్మ అనే ఆవిడ గెడకర్రతో నెడుతూ పడవ నడిపేది. పెనిమిటి పోయాడు, పిల్లలు లేరు. ఒక ఏడాది అవతలి గట్టు ఊళ్ళలో కలరా సోకింది. అక్కడివాళ్ళని దాటిస్తే కాళ్ళు విరగ్గొడతానని ఇవతల పక్కూరి గ్రామాధికారి ఆదెమ్మకు కబురు పెట్టాడు. ఆదెమ్మ పడవ విప్పింది. అవతల జనం భయంభయంగా తమ కులం, ఇంటిపేరు చెప్పుకోబోతే, "అవన్నీ నాకెందుకు? ఎంతమంది ఉన్నారు?" అని అడిగింది. మూడు రోజులు దాటించింది. నాలుగో రోజున ఆ రోగమే తగిలి, గెడ మీద చెయ్యేసుకుని పడవలోనే కన్నుమూసింది.

దిగినవాళ్ళలో ఒకామెకు ఆదెమ్మ కలలో కనిపించి, "నా గెడ ఉన్న చోటే ఉండిపోండి" అని చెప్పిందట. అందరూ ఆ గెడ పాతి, దాని చుట్టూ ఇళ్ళు కట్టుకున్నారు. పాత ఇంటిపేర్లు వదిలేసి గెడ వారయ్యారు. తరవాతి తరం విగ్రహం నిలిపింది. మాలో ఏ ఒక్కరిలోనూ ఆవిడ రక్తం లేదు. మేము ఆవిడ దాటించిన జనం, అంతే. రక్తం పేరు చెప్పి గుమ్మంలో కాపలా కాసినవాళ్ళకి సిగ్గుండాలి.

ఆ సిగ్గులేనితనం ఇంకా ఉంది వినండి. గెడకి ఇత్తడి మొన తొడిగి ఈటె అన్నారు. తల్లి ముఖానికి మీసాల తొడుగు తగిలించారు. మొదటి ఆకుని ఊరందరి ముందు చదివించి, ఆడపడుచులమంతా కలిసి ఆ రెండూ ఊడబెరికాం.

ఇప్పుడు పూజారి గారు గోత్రమూ, ఇంటిపేరూ అడగరు. "ఎంతమంది?" అని అడిగి, అన్ని బెల్లం ముక్కలు చేతిలో పెడతారు. గెడని తాకి మొక్కినవారు ఎంతటి కష్టం నుంచైనా గట్టెక్కుతారని నమ్మకం. నా మనవరాలు తల్లి పాదాల దగ్గరే తొలి అడుగులు వేసింది.

మొన్న పండగకి మా అన్నయ్య గడప దాకా వచ్చాడు. వెనక భార్య లేదు, కొడుకులు లేరు. వాళ్ళు పొద్దున్నే నాతో వచ్చి వెళ్ళిపోయారు. అన్నయ్య గొంతు సవరించుకుని "గెడ వారి..." అని మొదలుపెట్టాడు.

"ఎంతమంది బాబూ?" అన్నారు పూజారి గారు.

అన్నయ్య ఒకసారి వెనక్కి తిరిగి చూసి, "ఒక్కణ్ణే" అన్నాడు.