ఏట్లో పడ్డ ఇనుప కవచం

సాకేత్‌కి పెద్ద చిక్కే వచ్చిపడింది. ఆదివారం ఆటలో నస్రీన్ ఆడే సిపాయి ఏట్లో పడింది. ఒంటి మీద ఇనుప కవచం. దాంతో ఈదే బలం ఆ సిపాయికి లేదని తేల్చింది ఎవరో కాదు, సాకేత్ రాసిన రూలే.

ఇది బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు అందులో పాత్రలవుతారు, గెలుపోటములు పాచికలు తేలుస్తాయి. అనకాపల్లిలో ఈ ఆట నేర్పింది డ్రాయింగ్ మాస్టారు గంగరాజుగారు. ఆయన దగ్గర నేర్చుకుని సాకేత్ సొంతంగా బల్ల పెట్టి కథ నడపసాగాడు. అంతటితో ఊరుకున్నాడా? ఆటలో ఉన్న రూల్స్ చాలవని తనవి మరికొన్ని కలిపాడు. ఇంత బలముంటే ఇంత కవచం, బలం చాలకపోతే నడక తగ్గాలి, ఈత తగ్గాలి. బరువు దగ్గర ఎవరైనా తొండి చేస్తారేమోనని, పొద్దున తొడిగిన కవచం సాయంత్రం మకాం వేసేదాకా ఒంటి మీద ఉన్నట్టే లెక్క అని కూడా రాశాడు. ఆ రూలంటే అతనికి మహా మురిపెం.

దాని ప్రకారం సిపాయి మునిగి చావాలి. నస్రీన్ ఆసుపత్రిలో నర్సు. వారమంతా చాకిరీ చేసి, ఆ ఒక్క పూట కోసమే బతికినట్టు వచ్చేది. ఆమె గొడవేం చేయలేదు. సిపాయి పోతే మళ్ళీ కొత్త మనిషితో మొదలుపెట్టే ఓపిక తనకు లేదనీ, ఇక రాననీ మాత్రం చెప్పింది. పోనీ వదిలేద్దామా అంటే జాన్సన్ ఊరుకోడు. ఇదివరకో ఆటలో అతని గుర్రం కవచం బరువుకే కూలి చచ్చింది. అప్పుడు లేని జాలి ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చిందని అడిగాడు. అడగడా మరి! సాకేత్ ఆట అక్కడే ఆపేసి వచ్చే వారానికి వాయిదా వేశాడు.

ఆ వారమంతా అతనికి తిండి సయించలేదు. చివరికి శనివారం వానలోనే బండి వేసుకుని మాస్టారింటికి పోయాడు. ఆయన తలుపు తీశారో లేదో గుమ్మంలోనే మొదలుపెట్టాడు. బలమెంత, బరువెంత, ఏరు ఎంత లోతు, ఈతకి ఇంకో రూల్ కలిపితే సిపాయి బతుకుతుందా, జాన్సన్ ఒప్పుకుంటాడా. నెత్తిన హెల్మెట్ అలాగే ఉంది. అద్దం నిండా ఆవిరి. మాస్టారికి సగం మాటలు వినపడనే లేదు.

ఆయన దగ్గరికి వచ్చి, గడ్డం కింద పట్టీ ఊడదీసి, హెల్మెట్ మెల్లగా పైకి లాగేశారు.

"ఇప్పుడు చెప్పరా," అన్నారు.

సాకేత్ ఆయన చేతిలోని హెల్మెట్ వంకే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత లోపలికెళ్ళి కాఫీ తాగాడు. ఏటి మాట మళ్ళీ ఎత్తలేదు. ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాడు.

ఆదివారం అందరూ కూర్చున్నాక అతను నస్రీన్ వైపు తిరిగాడు.

"నీళ్ళు నెత్తి దాటాయి. నీ చేతులు ఏం చేస్తున్నాయి?"

ఆ బల్ల దగ్గర ఏం చేస్తామో చెప్పడం ఎప్పుడో మానేశారు. ఏం చెయ్యొచ్చో అడగడమే అలవాటైపోయింది. నస్రీన్ చేతులు తన భుజాల మీదికి పోయాయి.

"పట్టీలు విప్పుతున్నాయి," అంది.

మకాం వేసేదాకా కవచం ఒంటి మీదే ఉండాలన్న రూల్ జాన్సన్ గుర్తుచేయబోయాడు. ఆ రూలే తప్పనీ, తీసేస్తున్నాననీ, గుర్రం విషయంలోనూ తప్పు తనదేననీ సాకేత్ ఒప్పేసుకున్నాడు. అయితే గుర్రం తిరిగొస్తుందా అని జాన్సన్ అడిగాడు. వస్తుందన్నాడు. ఇంకేం, పేచీ తీరిపోయింది.

నస్రీన్ పాచిక వేసింది. కవచం ఏటి అడుక్కి పోయింది. సిపాయి పైకి తేలింది. అవతలి ఒడ్డున శత్రువులు, ఒంటి మీద చూస్తే తడిసిన చొక్కా తప్ప ఏమీ లేదు. నస్రీన్ కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుంది. వచ్చే ఆదివారం డ్యూటీ పడితే మార్చుకుని మరీ వస్తానంది. సాకేత్‌కి గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

సాయంత్రం మాస్టారికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు. ఆయన చివరిదాకా విన్నారు.

"కవచం విప్పడానికి ఎంతసేపు పడుతుందో దానికీ ఓ రూల్ రాశావా?"

"లేదు మాస్టారూ."

"హమ్మయ్య," అన్నారు మాస్టారు.