దివానుగారి వీపు

ఎవరైనా చిక్కు ప్రశ్న వేస్తే సింహాద్రి గురువుగారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయించేవారు. కూర్మనాథం అడిగిన నాడూ అంతే జరిగింది.

కూర్మనాథం నాలుగేళ్ల క్రితం భార్యనీ ఏడాది పిల్లనీ ఆవిడ పుట్టింట దిగబెట్టి వచ్చి, గురువుగారి ఆశ్రమంలో కుష్ఠు రోగులకు సేవ చేస్తున్నాడు. అతని చేత్తో కట్టు కడితేనే గాని కొందరు రోగులు అన్నం ముట్టరు. పిల్లకు అయిదో ఏడు వచ్చిందనీ, ఒక్కసారి వచ్చి వెళ్లమనీ భార్య ఉత్తరం రాసింది. వెళితే మళ్లీ రాలేనేమోనని అతని భయం. రానని రాసేయడానికి గురువుగారి నోట ఒక్క మాట కావాలి.

"నలుగురి పని నెత్తిన వేసుకున్నవాడు ఇల్లు మరిచిపోతే తప్పా, గురువుగారూ?"

ఆయన చెప్పులు తొడుక్కుంటూ, "నాతో పట్నం రా. గొడుగు తీసుకో," అన్నారు.

పట్నంలో పని ఇదీ. స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు, మునిసిపాలిటీవారు వెనకటి దివాను వేదాద్రి పంతులుగారికి ఆయన పుట్టిన ఊళ్లోనే కంచు విగ్రహం పెట్టారు. పోయి యాభై ఏళ్లు దాటినా ఆయన పేరు చెబితే జనం లేచి నిలబడేవారు. వెట్టిచాకిరీ మాన్పించినవాడు, కాలువ తవ్వించినవాడు, ఆడవాళ్లకు ఆసుపత్రి కట్టించినవాడు. ఆ కాలువ గట్టున కాసే మామిడిపళ్ల రుచి తిన్నవాళ్లకే తెలుసు. సరే, అది వేరే సంగతి. శిల్పి పాత ఫొటో ఒకటి పెట్టుకుని విగ్రహం చేశాడు. మీసం పైకి ఉండాలా కిందికి ఉండాలా అని కమిటీలో రెండు నెలలు తగాదా నడిచింది. ఆ గొడవలో పడి, దిమ్మ కట్టేటప్పుడు ఎవరూ చుట్టూ చూడలేదు. తీరా నిలబెట్టాక చూస్తే, దివానుగారు తాను కొలువు చేసిన కచేరీకి ముఖం పెట్టి, సొంత ఇంటికి వీపు తిప్పి ఉన్నారు. ఆ వైపు ఊళ్లలో ఒకరి గుమ్మానికి వీపు పెట్టి నిలబడితే, ఆ ఇంటితో మాటలు లేవని అర్థం.

ఆ ఇంట్లో ఆయన కూతురు నరసాయమ్మగారు ఒక్కతే ఉంటోంది. పదకొండో ఏట భర్త పోయి తండ్రి పంచన చేరిన మనిషి. ఇప్పుడు ఎనభై. ఆవిడ ముందుకు ఒంటరిగా వెళ్లడానికి మొహం చెల్లక, మునిసిపల్ చైర్మన్ అప్పలస్వామి గురువుగారిని తోడు రమ్మన్నాడు.

"తప్పైపోయిందమ్మగారూ," అన్నాడు చైర్మన్, చేతులు కట్టుకుని. "మీసం ధ్యాసలో మీ ఇల్లు మరిచిపోయాం. ఆవిష్కరణ వారంలో ఉంది. ఇంజనీరు మూడు రోజుల్లో ఇటు తిప్పేస్తానంటున్నాడు."

"నిలబెట్టడానికి మూడేళ్లు పట్టిందే. తిప్పడానికి మూడు రోజులు చాలా?" అంది ఆవిడ.

ఆవిడ స్తంభం పట్టుకుని అరుగు మీదికి వచ్చి, విగ్రహాన్ని వెనకనుంచి చాలాసేపు చూసింది.

"కండువా ఎడం భుజం మీంచి జారుతోంది. అలాగే జారేది. పొద్దున్నే నేనిక్కడ కూచుని చూసేదాన్ని, మేనా ఎక్కేదాకా. ఎక్కగానే దాని తలుపు వేసుకునేవారు. సాయంత్రం ఆయన వచ్చేసరికి ఇంటినిండా అర్జీల జనం. వాళ్ల వెనక నిలబడితే ఏం కనిపిస్తుంది? రాత్రికి కచేరీ గదిలోనే పడుకునేవారు."

నిరుటి వానల గురించి చెప్పినట్టు చెప్పింది.

"అందుకేనమ్మా, ఇప్పుడైనా ముఖం మీ వైపు..."

"వద్దు నాయనా. ఇలా ఉంటే మా నాన్నగారే. ఇటు తిప్పారంటే, ఎవరో ఎరగని పెద్దమనిషి రోజూ గుమ్మంలో నిలబడ్డట్టుంటుంది నాకు."

గండం గడిచినట్టు చైర్మన్ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. నరసాయమ్మగారు అరుగు మీద తన చోట కూచుంది. గచ్చు అక్కడ ఒక్క మనిషి మేర నున్నగా అరిగి ఉంది. కూర్మనాథం దాన్నే చూస్తూ ఉండిపోతే, గురువుగారు భుజం తట్టి బయటికి నడిపించారు.

ఇద్దరూ కాలువ గట్టు మీద తిరుగుదారి పట్టారు. కూర్మనాథం తన పిల్ల ముఖం తలుచుకోబోయాడు. ఉయ్యాలలోని ముఖం తప్ప ఇంకేదీ రాలేదు. చివరికి, తనకు తాను నచ్చజెప్పుకుంటున్నవాడిలా అన్నాడు:

"ఎంత గొప్ప మనసండీ ఆవిడది. తండ్రి మీద పిసరంత కోపం లేదు."

గురువుగారు నడక ఆపకుండానే అన్నారు:

"కోపం రావడానికైనా కొంత పరిచయం ఉండాలి కదయ్యా."