పెళ్ళికూతురి వంతు

ఎల్కానాకి దిగులంతా ఒక్కటే. మంగళవారం తన పెళ్ళి. పెళ్ళిపత్రం తనే రాసుకున్నాడు గాని, గురువు రబ్బీ ఒబద్యా ఇంకా చూసి సరే అనలేదు. ఆయన సరే అనకపోతే పందిరి కింద దాన్ని చదవరు. పత్రం లేనిదే పెళ్ళి లేదు.

ఆ గలిలయ కొండల్లో యూదులు పెళ్ళిపత్రం చుట్టూ పాతకాలపు హీబ్రూ ప్రేమగీతాలు రాస్తారు, ఒక మాట అబ్బాయిది, ఒక మాట అమ్మాయిది. ఆవగింజంత అక్షరాలు వరసగా పేర్చి, వాటితోనే లేళ్ళూ ద్రాక్షతీగలూ బొమ్మ కడతారు. దూరం నుంచి చూస్తే లేడి, దగ్గరికెళితే పాట.

ఎల్కానా లేడి అద్భుతం. ఆ మాట అందరికంటే ముందు అతనే అన్నాడు.

"ఏడూళ్ళు వెతికినా ఇలాంటిది దొరకదు రబ్బీ! చుట్టూ బంగారు గీత కూడా వేశాను, చూడండి."

రబ్బీ భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. వంటింటివైపు తిరిగి, "రెయ్నా, ఒకసారి ఇటు రావే" అన్నాడు.

ఆయన భార్య పిండిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. ప్రతి వసంతంలోనూ పాడే ఆ గీతాలు ఆమెకి కంఠతా వచ్చు.

"నేను అబ్బాయి మాట పాడతాను, నువ్వు అమ్మాయి మాట అందుకో. ఎల్కానా, నువ్వు అక్షరాల మీద వేలు నడుపు."

రబ్బీ పాడాడు. ఎల్కానా వేలు లేడి మెడ మీంచి వీపు మీదికి వచ్చింది. రెయ్నమ్మ అందుకుంది. ముసలి గొంతే గాని ఎంత హాయిగా పాడిందో! వేలు మాత్రం కదల్లేదు. ఆమె పాడే మాట అక్కడ లేదు. మళ్ళీ రబ్బీ పాడితే నడిచింది. మళ్ళీ ఆమె పాడితే ఆగింది.

"అమ్మాయి మాటలన్నీ రాస్తే లేడి కాళ్ళు లావైపోతున్నాయి రబ్బీ" అని గొణిగాడు ఎల్కానా.

రెయ్నమ్మ బుగ్గలు నొక్కుకుంది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! పెళ్ళికి పిల్లని పిలుస్తున్నావా, లేదా?"

రబ్బీ అక్షరాలు గీకి చెరిపే చిన్న కత్తి తీసి శిష్యుడి చేతిలో పెట్టాడు. బంగారు గీతని వేలితో చూపించాడు.

ఎల్కానాకి ఏడుపొచ్చినంత పనైంది. ఆ గీతకి వారం పట్టింది మరి! అయినా గీకేశాడు. గీత పోయినచోట మొదలుపెట్టి, రాత్రీ పగలూ కూర్చుని పత్రం కొసదాకా అమ్మాయి మాటలే రాశాడు. అవి తీగలై నాలుగు వైపులా పాకాయి. సోమవారం రబ్బీ చూసి తల ఊపాడు.

మర్నాడు పందిరి కింద రబ్బీ పత్రం చదివి పెళ్ళికూతురు తిర్సా చేతికిచ్చాడు. తిర్సా అంచు చూసింది. తీగ వెంట వేలు పెట్టి సన్నగా పాడడం మొదలుపెట్టింది. రెండో మాటకి రెయ్నమ్మ కలిసింది, మూడో మాటకి ఊళ్ళో ఆడవాళ్ళంతా. పాట ఎదుటి కొండకి తగిలి తిరిగొచ్చింది. ఎల్కానా సంతోషం పట్టలేక ఏడ్చేశాడు.

పెళ్ళి ముగిసిందనడానికి పెళ్ళికొడుకు కాలితో గ్లాసు పగలగొట్టాలి. పాట ఇంకా సాగుతుండగానే, పొద్దు వాలుతోందని ఓ పెద్దమనిషి గ్లాసు తెచ్చి ఎల్కానా కాలి ముందు పెట్టబోయాడు.

రబ్బీ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగవయ్యా. పెళ్ళికూతురి మాట ఇంకా అవలేదు."